ఇటుక ఇటుకకీ లెక్కుంది... ఆమెకే లేదు!

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం. మా హాలు నిండా పిల్లలు. మా అక్క కూతురు, దాని స్నేహితులు నలుగురు. ఏదో ప్రాజెక్టట. కాలేజీ పిల్లల ప్రాజెక్టులంటే మనకు తెలియనివా? నాలుగు పుస్తకాల్లోంచి కొంత, నెట్‌లోంచి కొంత దించడం, పైన రంగుల అట్ట వేసి ఇచ్చేయడం. అంతేగా అనుకుంటూ ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్నాను.

ఇంతలో మా అక్క కూతురు వంటింట్లోకి వచ్చింది.

"పిన్నీ, ఈ ఇల్లు కట్టినప్పుడు ఇటుకలు ఎక్కడ కొన్నారు?"

తొమ్మిదేళ్ల కిందటి సంగతి. అయినా నిన్నో మొన్నో జరిగినట్టు గుర్తు. ఎందుకంటే ఆ బేరం చేసింది నేనే! సిమెంటు, ఇసుక, ఇనుము మావారు చూసుకున్నారు. ఇటుకల దగ్గర మాత్రం ఆయన్ని పక్కకు నెట్టి నేను దిగాను. ఊరి బయట బట్టీకి వెళ్లి, గంటసేపు వాదించి, వెయ్యికి రెండొందలు తగ్గించాను. మొత్తం 26 వేల ఇటుకలు. అంటే 5,200 రూపాయలు మిగిల్చానన్నమాట. ఆ డబ్బుతోనే పూజగదికి గంటల తలుపు చేయించుకున్నాం. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ కథ చెప్పి మురిసిపోయాను.

అదే కథ ఈ పిల్లలకూ చెప్పాను. చిత్రం! ఎవరూ నవ్వలేదు. బీకాం చదివే అబ్బాయి మాత్రం మెల్లిగా అడిగాడు.

"ఆంటీ, ఆ రెండొందలు ఎవరి దగ్గర తగ్గాయంటారు?"

బట్టీ యజమాని దగ్గర, ఇంకెవరి దగ్గర... అన్నాను. అన్నానేగానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అసలు జవాబు దొరకడానికి నాకు నెలరోజులు పట్టింది.

ఐదు చదువులు... ఒకే ప్రశ్న

ఇంతకీ వాళ్ల ప్రాజెక్టేమిటంటే, మనం వాడే వస్తువుల వెనక వెట్టిచాకిరి ఎక్కడ దాగి ఉందో వెతకడం. ఓ వస్తువు ముడిసరుకుగా మొదలై మన గుమ్మం చేరేదాకా ఎన్నో చేతులు మారుతుంది కదా. దాన్నే 'సరఫరా గొలుసు' అంటారు. ఆ గొలుసులో ఏ కొక్కెం దగ్గర మనిషి ఇరుక్కుపోయాడో చూడాలి. ఒక్క చదువుకు అంతుపట్టే విషయం కాదని, వేర్వేరు చదువుల వాళ్లు ఓ జట్టుగా చేరారు. మా అక్క కూతురిది కంప్యూటర్ సైన్స్. ఒకబ్బాయిది సివిల్ ఇంజినీరింగ్. ఒకమ్మాయి లా. ఇంకొకబ్బాయి బీకాం. ఐదో అమ్మాయి సోషల్ వర్క్‌లో పీజీ చేస్తోంది. తెలుగుపిల్లే అయినా ఒడిశాలోని రాయగడలో పెరిగింది. ఒడియా గడగడా మాట్లాడేస్తుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

"వెట్టిచాకిరి మన తాతల కాలంతోనే పోలేదా?" అన్నాను.

లా అమ్మాయి లెక్కలు తీసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2022లో వెల్లడించిన అంచనా ప్రకారం, 2021 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారట. వాళ్లలో కోటీ 18 లక్షల మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు. పసివాళ్లే 33 లక్షల పైమాట!

చొక్కాలు, రొయ్యలు, చాక్లెట్లు, సెల్‌ఫోన్లు... ఏదైనా ఎంచుకోవచ్చు. వీళ్లు మాత్రం ఇటుకను ఎంచుకున్నారు. బాలకార్మికులు, వెట్టికార్మికులు తయారుచేసే వస్తువులంటూ అమెరికా కార్మికశాఖ ప్రకటించే జాబితాలో మనదేశపు ఇటుకలూ ఉన్నాయి. పైగా ఇటుకలు చేసే చోటు ఎక్కడో లేదు, మన ఊరి పొలిమేరలోనే ఉంది.

ఆకాశంలోంచి వెతికారు

బట్టీలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియకుండా అందులోని మనుషుల సంగతేం తెలుస్తుంది? చాలా బట్టీలు ఏ రికార్డులోనూ ఉండవు. ఈ చిక్కుముడిని విప్పడానికి విదేశాల్లో కొందరు చేసిన పని వింటే ముచ్చటేస్తుంది.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 'రైట్స్ ల్యాబ్' అని ఒక విభాగముంది. భూగోళం, చరిత్ర, న్యాయశాస్త్రం వంటి వేర్వేరు శాస్త్రాల వాళ్లు, వాళ్ల దగ్గర పరిశోధన చేసే విద్యార్థులు ఆధునిక బానిసత్వం మీద కలిసి పనిచేస్తారు. ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో ఇటుకబట్టీలను గుర్తించే పనికి వాళ్లు మామూలు జనాన్ని కూడా పిలిచారు. ఇంట్లో కూర్చుని, కంప్యూటర్లో బొమ్మ చూసి, బట్టీ కనిపించిన చోట గుర్తు పెట్టడమే. అలా కొన్ని ప్రాంతాలను జల్లెడపట్టి, దాన్నిబట్టి లెక్కకట్టారు. మనదేశం, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్‌లలో దాదాపు 15 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ప్రాంతంలో 55,387 బట్టీలు ఉంటాయని 2018లో అంచనా వేశారు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మరో జట్టు. అందులో కంప్యూటర్ చదివే విద్యార్థులు, పర్యావరణ విద్యార్థిని, అంటువ్యాధుల డాక్టరు అందరూ ఉన్నారు. బట్టీని పోల్చుకోవడం కంప్యూటర్‌కే నేర్పి, బంగ్లాదేశ్ మొత్తాన్నీ గాలించారు. అక్కడ బడికి కిలోమీటరులోపు బట్టీ ఉండకూడదని చట్టం. కానీ నూటికి 77 బట్టీలు బడికి కిలోమీటరులోపే ఉన్నాయని 2021లో తేల్చారు! వాళ్లు వెతికింది పొగ కోసం. అయితేనేం, పొగను వెతికిన దారినే మనిషినీ వెతకొచ్చు.

మా అక్క కూతురు కూడా అలాంటి ప్రోగ్రామే రాసింది. హైదరాబాద్ చుట్టుపక్కల బొమ్మలు ఇచ్చి చూస్తే ఏం కనిపెట్టిందో తెలుసా? దాదాపు ఏమీ లేదు! మన శివార్లలో ఇటుకలే చేయడం లేదన్నట్టు చెప్పిందా కంప్యూటర్.

"రాత్రంతా కూర్చుని తప్పెక్కడుందో వెతికా పిన్నీ. ప్రోగ్రామంతా సరిగ్గానే ఉంది" అంది.

తప్పు పట్టింది సివిల్ అబ్బాయి. వాళ్ల తాత ఒకప్పుడు ఇటుకలు చేయించేవాడట. ఉత్తరాది బట్టీలకు మధ్యలో ఎత్తయిన పొగగొట్టం, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద గుంత ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటాయి గనుక పైనుంచి ఇట్టే తెలిసిపోతాయి. మా అక్క కూతురు ప్రోగ్రాముకు నేర్పినవన్నీ ఆ బొమ్మలే. మన దగ్గర ఎక్కువగా పచ్చి ఇటుకల్నే దొంతరగా పేర్చి, మధ్యలో ఊకో బొగ్గో పెట్టి కాలుస్తారు. కాలాక విప్పి అమ్మేస్తారు. పొగగొట్టమూ ఉండదు, గుంతా ఉండదు. వానలు పడేసరికి బట్టీయే ఉండదు!

"మరైతే ఏం వెతకాలి?" అంది మా పిల్ల.

"వానాకాలం బొమ్మ, వేసవి బొమ్మ పక్కపక్కన పెట్టు. చలికాలంలో పుట్టుకొచ్చి ఎండాకాలంతో మాయమయ్యే ఇటుకల వరసలు వెతుకు. వాటి పక్కనే చిన్న చిన్న పాకల బారు కూడా ఉంటుంది చూడు" అన్నాడు.

ఆ పాకల్లోనే కదా మనుషులుండేది!

బట్టీ కనపడింది... అప్పు కనపడలేదు

రెండో ఆదివారానికి వాళ్ల పటం మీద ఎర్రచుక్కలు వచ్చేశాయి. పిల్లలు ఎగిరి గంతేశారు. లా అమ్మాయి మాత్రం చప్పగా పెదవి విరిచింది.

"ఆకాశంనుంచి బట్టీ కనపడుతుంది. అప్పు కనపడదుగా!" అంది.

ఆ మాటలో ఎంత నిజముందో ఆ అమ్మాయి చెబుతుంటే అర్థమైంది. పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపడా, కాలాహండి వంటి కరవు జిల్లాలున్నాయి. మన వినాయక చవితి మర్నాడు అక్కడ నువాఖాయ్, అంటే కొత్త బియ్యపు పండుగ. అది వెళ్లాక సర్దార్లు ఊళ్లోకి దిగుతారు. కుటుంబానికి ఇంత అని అడ్వాన్సు ఇస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజులు. కూతురి పెళ్లికో, జబ్బుకో, పాత అప్పుకో ఆ డబ్బు కాస్తా అయిపోతుంది. ఇక ఆర్నెల్లు మన రాష్ట్రాల బట్టీల్లో ఇటుకలు కోసి ఆ అప్పు తీర్చాలి. వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి. వారం వారం తిండి ఖర్చుకు కొంత చేతిలో పెడతారు. అసలు లెక్క సీజను చివర్లోనే. ఎన్ని ఇటుకలు చేశారన్నది యజమాని పుస్తకంలో ఉంటుంది. లెక్క తేలేదాకా వెళ్లడానికి వీల్లేదు. వెళ్లిపోతే?

2013 డిసెంబరులో కాలాహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులు నరికేశారు దళారులు. అడ్వాన్సు తీసుకుని పనికి రాలేదన్నదే వాళ్ల నేరం. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది.

నిజానికి చట్టం మనకు ఎప్పటినుంచో ఉంది. రాజ్యాంగం 23వ అధికరణమే వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దాని ప్రకారం వెట్టికి కట్టిపడేసిన అప్పు ఆ క్షణమే రద్దయిపోతుంది. ఒక్క పైసా తిరిగివ్వక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా అప్పిచ్చినవాడిదే. చేయించినవాడికి మూడేళ్ల దాకా జైలు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. కొరడా పట్టుకుని కొడితేనే బలవంతం కాదు, ఆకలికి తాళలేక కనీస కూలి కన్నా తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు చాకిరీయే అని.

ఒకటి మాత్రం చెప్పాలి. బట్టీ అనగానే అంతా వెట్టే అనుకోకూడదు. మర్యాదగా లెక్క చూసి, పిల్లల్ని బడికి పంపే యజమానులూ ఉన్నారు. తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో పాఠాలు చెప్పే బడులు కూడా నడిచాయి. ఏది ఎలాంటిదో తెలుసుకోవాలంటే మాత్రం దగ్గరికి వెళ్లాల్సిందే.

'బాగున్నాం' అనే జవాబు

వెళ్లారు. ఐదుగురూ కలిసి, చేతుల్లో ఫోన్లు, ప్రశ్నల కాగితాలు పట్టుకుని వెళ్లారు. బట్టీలో ఎవర్నడిగినా ఒకటే జవాబు. బాగున్నాం. కూలి? బాగుంది. ఏమైనా ఇబ్బందా? ఏమీ లేదు. పక్కనే సర్దార్ నిల్చుని బీడీ కాలుస్తున్నాడు మరి!

మనింటికి పెళ్లిచూపులకొచ్చినవాళ్లు అందరి ముందూ "నీకిష్టమేనా అమ్మాయ్?" అని అడిగితే మనం ఏం చెప్పాం? ఇదీ అంతే.

పిల్లలు ముఖాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. సోషల్ వర్క్ అమ్మాయి మాత్రం అందరికీ క్లాసు పీకింది. "మనం వచ్చేశాం. వాళ్లు అక్కడే ఉంటారు. మనతో ఏం మాట్లాడారని రాత్రి ఎవరైనా గద్దిస్తే? ఇకమీదట ఫొటోల్లేవు, గుంపుగా పోవడం లేదు" అంది. తర్వాతి వారం తను ఒక్కతే, బట్టీ పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మతో కలిసి అంగడికి వెళ్లింది. వారానికోసారి కూరగాయలకు, నూనెకు ఆ ఆడవాళ్లు అక్కడికే వస్తారు. వంకాయలు ఏరుకుంటూ వాళ్ల భాషలో పలకరించింది. వాళ్లది కోస్లీ యాస, ఈ పిల్లది రాయగడ ఒడియా. మొదట్లో నవ్వుకున్నారట. ఆ నవ్వే దారి చేసింది.

అప్పుడు తెలిసింది ఆ పాకల్లో రోజు ఎలా గడుస్తుందో. తెల్లవారుజామున రెండు మూడింటికే లేవడం. మొగుడు మట్టి కలిపితే ఆమె ముద్దలు మోయడం, అచ్చు కొట్టడం. బరువు తక్కువ గనుక పచ్చి ఇటుకల మధ్య అడుగులేస్తూ వాటిని తిరగేసే పని పిల్లలది. మధ్యలో వంట, నీళ్లు, చంటిదానికి పాలు. ముగ్గురూ కలిసి రోజుకు వెయ్యికి పైగా ఇటుకలు చేయాలి. మొగుడు, పెళ్లాం, ఓ బిడ్డ... ముగ్గుర్నీ కలిపి ఒక జట్టు కింద కడతారు. దాన్ని 'పథురియా' అంటారు. అడ్వాన్సు జట్టుకు. కూలి జట్టుకు. సంతకమో వేలిముద్రో మాత్రం మొగుడిది.

"పుస్తకంలో నీ పేరు రాసుకున్నారా అక్కా?" అని అడిగిందట మన అమ్మాయి.

"నా పేరెందుకు? ఆయన పేరుందిగా!" అందట ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె పేరు ఎక్కడ?

ఈ మాట వినగానే మా హాల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. మా అక్క కూతురు కంప్యూటర్ తెరిచి తన పట్టిక చూసుకుంది. బట్టీ నంబరు, ఊరు, యూనిట్ల సంఖ్య. అంతే.

"నేనూ యూనిట్ అనే రాశాను పిన్నీ!" అంది. దాని గొంతు అదోలా అయిపోయింది.

చూశారా! సర్దార్ పుస్తకంలో ఆమె లేదు. యజమాని పుస్తకంలో లేదు. ఆకాశంనుంచి తీసిన బొమ్మలో ఎలాగూ లేదు. చివరికి ఆమెను వెతకడానికి బయల్దేరిన ఆడపిల్ల పట్టికలో కూడా లేదు!

పేరు లేకపోతే ఏం పోయింది అంటారా? లా అమ్మాయి చెప్పింది. వెట్టినుంచి విడిపించినవాళ్లకు కలెక్టరో, ఆర్డీవోనో విముక్తి పత్రం ఇస్తారు. పునరావాసానికి అదే ఆధారం. 2016లో కేంద్రం సవరించిన పథకం ప్రకారం మగవాళ్లకు లక్ష రూపాయలు, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన పరిస్థితుల్లోంచి బయటపడ్డవాళ్లకు 3 లక్షలు. తక్షణ సాయం 30 వేల దాకా ఇవ్వొచ్చని 2022లో మార్చారు. మిగతాది విచారణతో ముడిపడి ఉంటుంది. ఇదంతా మనిషి మనిషికీ విడివిడిగా దక్కాల్సింది. కుటుంబానికి ఒక్కటే పేరు రాస్తే, చట్టం ఆమెకు ఇచ్చిన 2 లక్షలు కాగితం మీదే మిగిలిపోతాయి. ఆమె కూడా కూలీయేనని చెప్పడానికి ఆధారం ఉండొద్దూ?

మగాడు చేస్తే పని, ఆడది చేస్తే సాయం! మన పొలాల్లో, మన దుకాణాల్లో, ఆమాటకొస్తే మన ఇళ్లలో మాత్రం ఇంకో లెక్కుందా?

రెండొందల లెక్క

నాలుగో ఆదివారం బీకాం అబ్బాయి వంతు. ఓ తెల్లకాగితం మీద ఇటుక ధరను ముక్కలు ముక్కలుగా విడగొట్టాడు. మట్టికి ఇంత. ఊకకు, బొగ్గుకు ఇంత. లారీకి ఇంత. స్థలం కౌలు ఇంత. సర్దార్ కమీషను ఇంత. యజమాని లాభం ఇంత. కూలి ఇంత.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ. మీరు వెయ్యికి రెండొందలు తగ్గించమన్నారు. బొగ్గు షాపువాడు తగ్గిస్తాడా? లారీవాడు డీజిల్ తగ్గించుకుంటాడా? కౌలు తగ్గుతుందా?"

నేను మాట్లాడలేదు.

"తన లాభంలో కొంత వదులుకుంటాడు యజమాని. కానీ బేరమాడేది మీరొక్కరే కాదుగా. బిల్డర్లూ అడుగుతారు, మేస్త్రీలూ అడుగుతారు. అందరూ లాగితే ఆ గొలుసులో సాగేది ఒక్క కొక్కెమే. నోరు లేనిది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ ఓ లెక్క వేసుకున్నాను. మా ఇంటికి 26 వేల ఇటుకలు. ఓ కుటుంబం రోజుకు వెయ్యి చేస్తుందనుకుంటే 26 రోజులు. అంటే మొగుడు, పెళ్లాం, ఓ పసివాడు నెల్లాళ్లపాటు తెల్లవారుజామున లేచి చేసిన పని మా గోడల్లో ఉంది. ఆ పనిలోంచే నేను 5,200 మిగిల్చుకున్నానేమో. దాంతో దేవుడి గదికి తలుపు!

తొమ్మిదేళ్ల కిందట ఆ బట్టీలో చూసిన ఒకావిడ గుర్తొచ్చింది. నేను బేరమాడుతుంటే మట్టి చేతులతో అలాగే నిలబడి చూసింది. మంచినీళ్లడిగితే చెంబు కడిగి తెచ్చిచ్చింది. ఆవిడ పేరేమిటో నేనూ అడగలేదు.

రవికలో పట్టే పుస్తకం

మొదట్లో ఈ పిల్లలు ఏదో యాప్ తయారుచేద్దామనుకున్నారు. చివరికి చేసింది ఓ చిన్న నోటుపుస్తకం! రవికలో దాచుకునేంత చిన్నది. ఒడియా అక్షరాలు, చదువు రానివాళ్ల కోసం బొమ్మలు. ఇటుక బొమ్మ పక్కన గీతలు, నోటు బొమ్మ పక్కన గీతలు. గీత అంటే వెయ్యి ఇటుకలు. మొగుడికో పుస్తకం, పెళ్లానికో పుస్తకం. మొదటి పేజీలో ఎవరి పేరు వాళ్లది, తీసుకున్న అడ్వాన్సు ఎంత, ఏ రోజు వచ్చారు. వెనక అట్ట మీద సాయం కోసం ఫోను నంబర్లు. టీచరమ్మ ద్వారా ఓ నలభై పుస్తకాలు చేరాయి. పేరు రాయించుకుంటూ ఒకావిడ "నిజంగా నా పేరే రాస్తారా?" అని రెండుసార్లు అడిగిందట.

మే చివర్లో లెక్కలు తేల్చే రోజున ఇద్దరు ఆడవాళ్లు ఆ గీతలు చూపించి అడిగారట. ఒకరికి సర్దార్ లెక్క సరిచేశాడు. ఇంకొకరిని కసిరి పంపేశాడు. ఆ రెండో ఆవిడ విషయం లా అమ్మాయి ఉచిత న్యాయసహాయం వాళ్లకు తెలియజేసింది. ఏమవుతుందో చూడాలి. గొప్ప విజయమని నేననను. ఆ పిల్లలూ అనడం లేదు. మార్కులు కూడా ఓ మోస్తరుగానే వచ్చాయట, "ఇందులో టెక్నాలజీ ఏముంది?" అన్నారట.

నాకు మాత్రం ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. కంప్యూటర్ ఒక్కటే అయితే బట్టీని చూసేది కాదు. సివిల్ ఒక్కటే అయితే అప్పును చూసేది కాదు. చట్టం ఒక్కటే అయితే అంగడిలో వంకాయలేరుతూ పలకరించేది కాదు. లెక్క ఒక్కటే అయితే ఆమె పేరు అడిగేది కాదు. నలుగురూ ఒకచోట కూర్చున్నారు గనుకే, ఒకరి చదువులో ఉన్న గుడ్డిచోటు ఇంకొకరికి కనిపించింది.

మనమేం చేయొచ్చు?

బలవంతపు చాకిరీతో తయారైన వస్తువులను తమ మార్కెట్లో అమ్మనివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2024లో చట్టం చేసింది. 2027 డిసెంబరు 14 నుంచి అది వర్తిస్తుంది. మంచిదే. కానీ మన ఇటుక మన ఊళ్లోనే తయారై మన ఊళ్లోనే గోడవుతుంది. దాన్ని ఏ పరాయిదేశపు చట్టం కాపలా కాస్తుంది? అడగాల్సింది మనమే.

ఇల్లు కట్టుకునేవాళ్లు ధరతోపాటు నాలుగు ప్రశ్నలు అడగండి. కూలీలు ఎక్కడినుంచి వచ్చారు? కూలి వారానికిస్తారా, సీజను చివర్లోనా? ఆడవాళ్లకు విడిగా లెక్క రాస్తారా? పిల్లలు బడికి వెళుతున్నారా? అడిగినంత మాత్రాన అన్నీ మారిపోవు. కానీ కొనేవాళ్లు అడుగుతున్నారని తెలియడమే ఓ మొదలు.

గుర్తులు తెలుసుకోండి. అప్పు తీరేదాకా కదలనివ్వకపోవడం, ఆధార్ వంటి కాగితాలు లాక్కోవడం, కూలి ఆపేయడం, బయటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, చెప్పింది ఒకటి చేయించేది ఒకటి కావడం... ఇవన్నీ బలవంతపు చాకిరీకి ఆనవాళ్లని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతుంది. ఇవి బట్టీల్లోనే ఉండాలని లేదు. మన పక్క ఫ్లాట్‌లో పనిచేసే చిన్నపిల్ల విషయంలోనూ ఉండొచ్చు.

అనుమానం వస్తే మీరే వెళ్లి నిలదీయకండి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కష్టం వాళ్లకొస్తుంది. కలెక్టర్ ఆఫీసుకో, ఆర్డీవో ఆఫీసుకో రాతపూర్వకంగా తెలియజేయండి. ఉచిత న్యాయసహాయానికి 15100, పిల్లల విషయమైతే 1098.

ఇక మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే, వేరే చదువుల స్నేహితుల్ని ఇంటికి తెచ్చుకోనివ్వండి. ఓ పళ్లెం ఉప్మా ఖర్చు. అంతే!

అన్నట్టు, పోయిన వారం మా వీధిలో ఇల్లు మొదలుపెట్టిన ఆవిడ వచ్చింది. "వదినగారూ, ఇటుకల బేరానికి మీరు రావాలి. మీరైతే గట్టిగా తగ్గిస్తారు" అంటూ. నా కీర్తి ఇంకా బతికే ఉందన్నమాట! వెళ్లాను. వానలకు ముందు సరుకు వదిలించుకునే తొందరలో ఉన్నాడాయన. అంతా విని, ధర గురించి ఎత్తకుండా, "మీ దగ్గర ఆడవాళ్లకు విడిగా లెక్క రాస్తారా?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రాయమమ్మా. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అన్నాడు.

"ఇప్పుడు అడిగాను కదా" అన్నాను.

వచ్చే కార్తీకంలో కొత్త జట్లు దిగుతాయి. అప్పుడు మళ్లీ వెళ్లి అడుగుతాను. ఈసారి మా వీధి ఆవిడ కూడా వస్తానంది. మీరూ మీ ఊళ్లో ఓసారి అడిగి చూడరూ!